ఒకే జన్యువు, రెండు మూడు కొసలు: కణం ఎంచుకుంటోందా, కత్తిరింపు గురి తప్పుతోందా?

సూక్ష్మదర్శిని (చర్చ మొదలుపెట్టినవారు)

మెసెంజర్ ఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) తయారీ అనగానే అందరూ స్ప్లైసింగ్ గురించే, అంటే ఆ నకలు మధ్యలోంచి అక్కర్లేని ముక్కలు తీసేసి మిగతావి అతికించడం గురించే మాట్లాడతారు. కొసన జరిగే పని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు ఆసక్తి అక్కడే.

పాలిమరేజ్ 2 అనే ఎంజైము డీఎన్ఏ మీద నడుస్తూ ఆర్ఎన్ఏను రాసుకుంటూ పోతుంది. ఎక్కడ ఆపాలో దానంతట దానికి తెలియదు. రాసిన ఆర్ఎన్ఏలో ఎఎయుఎఎఎ అనే ఆరక్షరాల గుర్తు బయటపడగానే సీపీఎస్ఎఫ్ అనే ప్రోటీన్ల గుంపు దాన్ని పట్టుకుంటుంది. ఆ గుర్తు దాటాక 10 నుంచి 30 అక్షరాల దూరంలో, ఆ గుంపులోనే ఉన్న సీపీఎస్ఎఫ్73 ఆర్ఎన్ఏను తెంపుతుంది. తెగిన కొసకు ఇంకో ఎంజైము వరసగా ఎ అక్షరాలను అతికిస్తుంది, క్షీరదాల్లో ఇంచుమించు 200 నుంచి 250 దాకా. అదే పాలీ-ఎ తోక. ఆ ఆరక్షరాల గుర్తును ప్రౌడ్‌ఫుట్, బ్రౌన్లీ 1976లో బయటపెట్టారు.

చిక్కెక్కడంటే, మనిషి జన్యువుల్లో సగానికి పైగా వాటిల్లో తెగే చోట్లు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ముందున్న చోట తెగితే 3′ యూటీఆర్, అంటే ప్రోటీన్‌గా మారని చివరి భాగం, పొట్టిగా ఉంటుంది. అవతలి చోట తెగితే పొడుగ్గా ఉంటుంది. చాలా జన్యువుల్లో ప్రోటీన్ మాత్రం రెండింటికీ ఒకటే. 2008లో శాండ్‌బర్గ్ బృందం, టీ కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) విభజన మొదలుపెట్టగానే పొట్టి రూపాల వైపు మొగ్గుతాయని చూపింది. మరుసటి ఏడు మేయర్, బార్టెల్ కాన్సర్ కణాల్లోనూ అదే చూశారు. పొడుగు భాగంలో మైక్రోఆర్ఎన్ఏలు (మెసెంజర్ ఆర్ఎన్ఏను అణిచిపెట్టే చిన్న ఆర్ఎన్ఏలు) అతుక్కునే చోట్లు ఉంటాయి కాబట్టి, పొట్టి రూపం వాటి అదుపు తప్పించుకుని ఎక్కువ ప్రోటీన్ ఇస్తుందని వివరణ.

నా వాదన ఇది: ఈ వైవిధ్యంలో ఎక్కువ భాగం కణం చేసే నియంత్రణే. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

పరిణామపథం

సూక్ష్మదర్శిని గారూ, "ఎక్కువ భాగం" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. కొన్ని జన్యువుల్లో నియంత్రణ ఉందంటే ఎవరూ కాదనరు. కానీ ఎక్కువ భాగం అంటే లెక్క చూపించాలి.

ముందు మామూలు లెక్కే చూద్దాం. నాలుగు అక్షరాలతో ఆరక్షరాల మాటలు 4,096 రకాలుగా వస్తాయి. అంటే ఏ ఉద్దేశమూ లేకుండా అక్షరాలు పేర్చుకుంటూ పోయినా సగటున నాలుగు వేల అక్షరాలకొకసారి ఎఎయుఎఎఎ దానంతటదే పుడుతుంది. ఎ, యు ఎక్కువున్న చోట ఇంకా తరచుగా పుడుతుంది. మన జన్యువులేమో ఒక్కోటి వేల అక్షరాల పొడవు. ఇన్ని గుర్తులు కనబడుతుంటే కత్తిరింపు అప్పుడప్పుడూ అనుకోని చోట పడదా?

2018లో షు, జాంగ్ దీన్నే సూటిగా పరీక్షించారు. ఇది పొరపాటే అయితే, ఎక్కువ ఆర్ఎన్ఏ తయారుచేసే జన్యువుల్లో పొరపాటు ఖరీదు ఎక్కువ. కాబట్టి ఆ జన్యువుల్లో తెగే చోట్ల వైవిధ్యం తక్కువుండాలి. క్షీరదాల సమాచారంలో వాళ్లకు అదే కనబడింది. ఎక్కువ ఉత్పత్తి చేసే జన్యువుల్లో కత్తిరింపు ఒకే చోట కుదురుగా పడుతోంది. నియంత్రణ అనుకుంటే ఈ పోకడకు కారణం చెప్పడం కష్టం.

బెంచ్_పని

ఇద్దరికీ నమస్కారం. లెక్కల జోలికి పోయే ముందు ఒక జన్యువును దగ్గర నుంచి చూద్దాం: యాంటీబాడీ ఐజీఎం భారీ గొలుసు జన్యువు.

బీ కణం (యాంటీబాడీలు తయారుచేసే రోగనిరోధక కణం) పైన అతుక్కుని ఉండే ఐజీఎం, రక్తంలోకి వదిలే ఐజీఎం, రెండూ ఒకే జన్యువు నుంచి వస్తాయి. ఆర్ఎన్ఏ మీద రెండు తెగే చోట్లున్నాయి. ముందున్న చోట తెగితే, ప్రోటీన్‌ను పొరలో నిలబెట్టే చివరి ముక్కలు రాకుండా పోతాయి, ప్రోటీన్ బయటికి వెళ్లిపోతుంది. అవతలి చోట తెగితే ఆ ముక్కలు వచ్చి చేరతాయి, ప్రోటీన్ కణం పైన నిలబడిపోతుంది. బీ కణం, యాంటీబాడీలను రక్తంలోకి వదిలే ప్లాస్మా కణంగా మారేటప్పుడు మొగ్గు ముందున్న చోటికి మారుతుంది. ఈ రెండు రూపాల సంగతి 1980లోనే తెలిసింది. సీఎస్‌టీఎఫ్64 అనే కత్తిరింపు ప్రోటీన్ మోతాదు పెరగడం ఈ మార్పుకు తోడ్పడుతుందని 1996లో తేలింది. మన ఒంట్లో రోగనిరోధక శక్తి నడిచే తీరే ఈ ఎంపిక మీద ఆధారపడి ఉంది. దీన్ని పొరపాటు అని ఎలా అంటాం?

పరిణామపథం

ఐజీఎం గొప్ప ఉదాహరణే, కానీ మన చర్చకు అది జవాబు కాదు. అక్కడ తెగే చోటు మారితే ప్రోటీనే మారుతోంది. సూక్ష్మదర్శిని గారు ఎత్తిన ప్రశ్న ప్రోటీన్ మారని చోట, యూటీఆర్ పొడవు మాత్రమే మారే చోట.

అక్కడ సాక్ష్యం మీ వాదనకు అంత అనుకూలంగా లేదు. 2013లో స్పీస్, బర్జ్, బార్టెల్ ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ (సంధాయక కణజాలపు) కణాల్లో పొట్టి, పొడుగు రూపాలను పక్కపక్కన కొలిచారు. ఆర్ఎన్ఏ నిలకడలోనూ, ప్రోటీన్ తయారీలోనూ తేడా కొద్దిగానే వచ్చింది. 2014లో గ్రూబర్ బృందం టీ కణాల్లోనే చూసింది, అంటే ఈ కథ మొదలైన కణాల్లోనే. యూటీఆర్‌లు పొట్టి అయినందువల్ల ప్రోటీన్ మోతాదులు చెప్పుకోదగ్గంతగా మారలేదు. వివరణకు పునాదే అదుపు తప్పించుకుని ఎక్కువ ప్రోటీన్ ఇవ్వడం కదా? ఆ ఎక్కువ ప్రోటీన్ ఏది?

ఎమ్మెస్సీ_మొదటి_ఏడు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఒక సందేహం. పాలిమరేజ్ ముందుగా దాటేది దగ్గరి చోటునే కదా. విభజించే కణాల్లో కత్తిరింపు ప్రోటీన్లు ఎక్కువుంటే, అవతలి చోటు రాసేలోపే దగ్గరి చోట తెగిపోవడం సహజం. అలాంటప్పుడు "పొట్టి కావడం" కణం కోరుకున్నదా, లేక ప్రోటీన్లు పెరిగినందువల్ల దానంతటదే వచ్చిపడిన ఫలితమా? ఈ రెండింటినీ వేరు చేయడం ఎలా?

సూక్ష్మదర్శిని

పరిణామపథం గారూ, మీరు చెప్పిన రెండు అధ్యయనాలూ గట్టివే. కానీ అవి కొలిచింది మోతాదును. ప్రోటీన్ ఎంత తయారైంది అన్నది ఒక ప్రశ్న, ఎక్కడికి చేరింది అన్నది వేరే ప్రశ్న.

సీడీ47 తీసుకోండి. కణం పైపొర మీద ఉండి "నన్ను తినొద్దు" అని మాక్రోఫేజ్‌లకు (ఇతర కణాలను మింగే రోగనిరోధక కణాలకు) చెప్పే ప్రోటీన్ ఇది. 2015లో బెర్కోవిట్స్, మేయర్ చూపింది ఏంటంటే, పొడుగు యూటీఆర్ నుంచి తయారైన సీడీ47 పైపొరకు బాగా చేరుతుంది, పొట్టి యూటీఆర్ నుంచి తయారైనది ఎక్కువగా లోపలే, ఇలాంటి ప్రోటీన్లు తయారయ్యే పొరల అల్లిక అయిన ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో ఉండిపోతుంది. అమైనో ఆమ్లాల వరసలో ఒక్క తేడా కూడా లేదు! పొడుగు యూటీఆర్ మీద హెచ్‌యూఆర్ అనే ప్రోటీన్ కూర్చుంటుంది. అది సెట్ అనే ఇంకో ప్రోటీన్‌ను రప్పిస్తుంది. సీడీ47 ఇంకా తయారవుతూ ఉండగానే సెట్ దానికి అతుక్కుని పైకి చేరుస్తుంది. మొత్తం మోతాదు కొలిచి ఊరుకుంటే ఇదంతా మన కంటికి ఆనదు.

న్యూరాన్ల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్ఎఫ్ కూడా అంతే. దాని ఆర్ఎన్ఏ పొట్టి రూపం న్యూరాన్ నడి భాగంలోనే ఉండిపోతుంది, పొడుగు రూపం డెండ్రైట్ల (న్యూరాన్ కొమ్మల) దాకా వెళ్తుంది. పొడుగు యూటీఆర్ దెబ్బతిన్న ఎలుకల్లో డెండ్రైట్ల మీది ముళ్లు సరిగ్గా ఎదగలేదని 2008లో వచ్చింది. ఫైబ్రోబ్లాస్ట్‌కు డెండ్రైట్లే లేవు. అందులో ఎంత వెతికినా ఈ తేడా దొరకదు.

బెంచ్_పని

ఎమ్మెస్సీ గారూ, మీ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చే పని ఈగల్లో జరిగింది. పోలో అనే జన్యువుకు రెండు తెగే చోట్లున్నాయి. 2011లో పింటో బృందం, పాలిమరేజ్ నెమ్మదిగా నడిచే ఈగల్లో దగ్గరి చోటు వాడకం పెరుగుతుందని చూపింది. మీరు ఊహించినట్టే, ఇది కేవలం వేగానికి సంబంధించిన విషయంగా కనబడుతుంది.

కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. అవతలి చోటు తీసేసిన జన్యువుతో ఈగలను పెంచారు. పొత్తికడుపు తయారుచేసే కణాలు విభజించలేక అవి ప్యూపా దశలోనే చచ్చిపోయాయి. పైగా ఇక్కడ పొడుగు రూపమే ఎక్కువ ప్రోటీన్ ఇస్తుంది! "పొట్టి అంటే ఎక్కువ, పొడుగు అంటే తక్కువ" అనే సూత్రం పెట్టుకుని సగటు తీసేవాళ్లకు పోలో లాంటి జన్యువులు ఒకదాన్నొకటి కొట్టేసి సున్నాగా కనబడతాయి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ సగటు పద్ధతే.

అనుకోని గుర్తుల గురించి పరిణామపథం గారు చెప్పింది మాత్రం నిజం. 2010లో డ్రైఫస్ ప్రయోగశాల యు1 అనే ఆర్ఎన్ఏ-ప్రోటీన్ గుంపును అడ్డుకున్నప్పుడు, ఎన్నో జన్యువుల ఆర్ఎన్ఏలు ఇంట్రాన్లలోనే (స్ప్లైసింగ్‌లో తీసేసే ముక్కల్లోనే), మొదలుకు దగ్గరగానే తెగిపోయాయి. స్ప్లైసింగ్‌కు పనిచేసే యు1 ఈ తప్పుడు గుర్తుల మీద కాపలా కూడా కాస్తోందన్నమాట. అంటే తప్పుడు కత్తిరింపు ప్రమాదం నిజంగా ఉంది, దాన్ని ఆపే ఏర్పాటూ ఉంది. అంత కాపలా దాటుకుని రెండో చోటు నిలిచిందంటే, అది పనికిరానిదని ముందే తీర్మానించలేం.

పరిణామపథం

ముందే తీర్మానించమని నేనూ అనడం లేదు. కానీ కాపలా ఉందన్నంత మాత్రాన దాటి వచ్చినవన్నీ పనికొచ్చేవి కావు, ఏ కాపలా నూటికి నూరు శాతం ఉండదు.

రోగాల సాక్ష్యం కూడా ఎవరైనా తెస్తారేమో కాబట్టి ముందే చెబుతున్నా. ఆల్ఫా గ్లోబిన్‌లో ఎఎయుఎఎఎ చివరి అక్షరం జి అయిపోతే థలసీమియా వస్తుంది, ఇది 1983లో తెలిసింది. ప్రోథ్రాంబిన్ జన్యువులో 20210వ స్థానంలో జి బదులు ఎ వస్తే కొస తెగడం చురుగ్గా జరిగి, ప్రోథ్రాంబిన్ పెరిగి, రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువవుతుంది. రెండూ నిజమే. కానీ అవి అసలు తెగే చోటు ఎంత ముఖ్యమో చెబుతున్నాయి తప్ప, రెండో చోటు ఎందుకుందో చెప్పడం లేదు.

సీడీ47, బీడీఎన్ఎఫ్, పోలో... మూడూ ఏదో ఉందని అనుమానించి ఏరుకున్న జన్యువులు. ఏరుకున్నవాటితో "ఎక్కువ భాగం" అనలేం. రెండు చోట్లున్న జన్యువుల్లోంచి చీటీలు తీసినట్టు కొన్ని ఎంచుకుని, క్రిస్పర్‌తో (డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే పద్ధతితో) ఒక్కో చోటు తీసేసి, ఏమవుతుందో చూడాలి. సగానికి పైగా వాటిల్లో కణానికి నష్టం కనబడితే నేను మీ వైపు వస్తాను.

సూక్ష్మదర్శిని

ఆ పరీక్షకు నేను సిద్ధం. రెండు షరతులు. ఒకటి, జన్యువులు చీటీలు తీసి ఎంచుకున్నా, కణం రకం మాత్రం ఆ జన్యువు నిజంగా పనిచేసేది అయ్యుండాలి. న్యూరాన్ జన్యువును ఫైబ్రోబ్లాస్ట్‌లో పరీక్షించి "తేడా లేదు" అంటే ఒప్పుకోను. రెండు, మోతాదుతో పాటు ప్రోటీన్ ఎక్కడికి చేరింది, ఎవరితో జతకట్టింది కూడా చూడాలి. నష్టం అంటే కణం చావడమే కానక్కర్లేదు. ఈ రెండింటికీ ఒప్పుకుంటారా?

పరిణామపథం

మొదటిదానికి ఒప్పుకుంటాను. రెండోదానికి ఒక సవరణ: ఏమేం కొలుస్తామో ప్రయోగానికి ముందే రాసిపెట్టాలి. లేకపోతే వెతికే కొద్దీ ఎక్కడో ఒకచోట ఏదో ఒక తేడా దొరుకుతూనే ఉంటుంది, అప్పుడు ఈ వాదన ఎప్పటికీ తేలదు.