రాక్ వినడానికి క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోనే దిక్కా? ఎమ్50ఎక్స్ కొనాలా, డీటీ 770 కొనాలా?

రాయగడ రిఫ్:
బడ్జెట్ 15 వేలు. వినేది హార్డ్ రాక్, మెటల్. ఇల్లు రైల్వే లైను పక్కనే, హాల్లో అమ్మ సీరియళ్లు, నా గదిలోనే తమ్ముడు పోటీ పరీక్షలకి చదువుతుంటాడు. నాకు రాత్రి పదకొండు దాటితే గానీ తీరిక దొరకదు. అందుకే కప్పు వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ వద్దనుకుని, వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్‌లో రెండింటి దగ్గర ఆగాను: ఆడియో టెక్నికా ఎమ్50ఎక్స్, బయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్. పెట్టుకుని చూసే షాపు ఇక్కడ లేదు, దానికి విశాఖ వెళ్లాలి. 80 ఓమ్ నిరోధం అయితే ఆంప్ (శబ్దాన్ని పెంచే పెట్టె) లేకుండా పలకదని ఒకాయన భయపెట్టాడు. నేను వినేది ఫోన్, డాంగిల్ (ఫోన్‌కి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న అడాప్టర్) మీదే. మీరేమంటారు?

బరంపురం గాలి:
రెండూ వద్దు తమ్ముడూ. రాక్‌లో ఎడమ ఒక గిటార్, కుడి ఒక గిటార్, మధ్యలో గొంతు, వెనక డ్రమ్స్, ఇవన్నీ విడివిడిగా వినపడాలంటే గాలి ఆడాలి. క్లోజ్డ్ కప్పులో డ్రైవర్ (లోపలి బుల్లి స్పీకర్) వెనక వైపు వచ్చే శబ్దం గోడకి తగిలి మళ్లీ చెవి మీదకే వస్తుంది, డిస్టార్షన్ గిటార్ అసలే గజిబిజి, దానికి ఇది తోడైతే మూత పెట్టిన గిన్నెలో బ్యాండ్ వాయించినట్టుంటుంది. పైగా మన ఎండలు! నా మొదటి క్లోజ్డ్ సెట్ రెక్సిన్ ప్యాడ్ చెమటకి రెండేళ్లలో పొట్టు లేచిపోయింది. ఆఫీసుకి చెంప మీద నల్ల పొరలతో వెళ్తే ఏదో చర్మరోగం అనుకున్నారు.

పర్లాకిమిడి డ్రమ్స్:
గాలి అన్నా, మీది విడి గది, మీకు చెల్లుతుంది. అతను ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే ఆ గిటార్ రిఫ్‌లన్నీ పక్క మంచం మీది తమ్ముడికీ వినపడతాయి, వాడి పరీక్ష గోవిందా. కప్పు వెనక శబ్దం సంగతి నిజమే, కానీ లోపల స్పాంజి నింపి, కప్పు లోపలి ఆకారం సరిచేసి దాన్ని చాలావరకు అణచేస్తారు, అంత భయపడక్కర్లేదు.

అసలు ఎవరూ అడగనిది ఒకటి అడుగుతాను. రిఫ్ తమ్ముడూ, నీకు కళ్లజోడు ఉందా? బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు), మామూలు గిటార్ లావు తీగ 82. క్లోజ్డ్ బ్యాక్‌లో ప్యాడ్‌కీ చెంపకీ మధ్య కళ్లజోడు కాడ వల్ల కాస్త సందు ఉంటే ముందు పోయేది ఆ కింది లోతు శబ్దమే, అంటే బేస్. పోయాక మిగిలేది గీసుకుపోయే గిటార్లూ సింబల్సూ, అప్పుడు మనం "ఈ మోడల్ బేస్ లేదు" అని రివ్యూ రాసేస్తాం. షాపులో ఒక పని చెయ్యి. పాట నడుస్తుండగా రెండు అరచేతులతో కప్పుల్ని మెల్లగా లోపలికి నొక్కు. బేస్ ఒక్కసారి పెరిగిందంటే ఆ ప్యాడ్ నీ ముఖానికి కూర్చోలేదన్నమాట. ఏమీ మారకపోతే ఆ సెట్ గురించి ఆలోచించు. డ్రైవర్ 45 మిల్లీమీటర్లా 40 ఆ అనేది నా దృష్టిలో ఆ తర్వాతి మాట.

జయపురం పాతకాపు:
2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా చూసిన వాణ్ని. అక్కడ కిక్ డ్రమ్ చెవికి కాదు, రొమ్ముకి తగులుతుంది, అది ఏ హెడ్‌ఫోనూ ఇవ్వదు, ఆశ పెట్టుకోకండి. ఇక 770 వద్దంటాను. దాని ట్రెబుల్ (సన్నటి పై శబ్దాలు) 8 వేల హెర్ట్జ్ దగ్గర ఎగిసి ఉంటుంది, హై హ్యాట్, క్రాష్ సింబల్స్ సూదుల్లా దిగుతాయి. పాటలా, అసలే రికార్డింగ్ చివర్లో శబ్దం గట్టిగా పెంచి బిగించినవి, గంటకి తలనొప్పి ఖాయం. ఎమ్50ఎక్స్ నయం. 38 ఓమ్, కేబుల్ ఊడదీసి మార్చుకోవచ్చు. 770 కేబుల్ తెగితే రాయగడలో టంకం వేసేవాణ్ని వెతుక్కోవాలి.

పర్లాకిమిడి డ్రమ్స్:
కేబుల్ మాట ఒప్పుకున్నాను మాస్టారూ. ట్రెబుల్ మాత్రం ఈక్వలైజర్‌లో (ఏ శబ్దం ఎంత ఉండాలో మార్చేది) 8 వేల దగ్గర నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తే దారికొస్తుంది, ఫోన్‌లో రెండు నిమిషాల పని. జారిపోయిన బేస్‌ని మాత్రం ఏ ఈక్వలైజరూ బాగు చెయ్యలేదు, తల కదిలినప్పుడల్లా అది మారుతుంటుంది.

ఓమ్ భయం కూడా తీర్చేస్తాను. డీటీ 770 80 ఓమ్‌కి ఒక మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్స్. ఒక వోల్ట్ ఇచ్చే డాంగిల్ దానికి 12 మిల్లీవాట్లు ఇస్తుంది, అంటే దగ్గర దగ్గర 107. చెవులు పాడుచేసుకోవడానికి అది చాలదూ? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. ఆంప్ డబ్బులు మిగుల్చుకో.

బరంపురం గాలి:
సరే, తమ్ముడి చదువు మీద ప్రేమతో క్లోజ్డ్‌కి ఒప్పుకుంటున్నాను. కానీ రైలు చప్పుడు ఆగుతుందని కొనకు బాబూ. మూత కప్పు మాటల్నీ సీరియల్ ఏడుపుల్నీ బాగానే ఆపుతుంది గానీ రైలు, జనరేటర్‌ల లోతు గుర్రు చాలావరకు లోపలికి వచ్చేస్తుంది, దానికి ఎదురు శబ్దంతో చప్పుడుని రద్దుచేసే నాయిస్ క్యాన్సిలింగ్ కావాలి. అది తెలియక చాలామంది వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు.

రాయగడ రిఫ్:
శనివారం విశాఖ వెళ్లొచ్చాను. కళ్లజోడు ఉంది, లావు కాడలది. ఒక షాపులో రెండూ దొరకలేదు గానీ 770, ఇంకో రెక్సిన్ ప్యాడ్ సెట్ పెట్టి చూశాను. రెక్సిన్ దాని మీద అరచేతులు నొక్కగానే బేస్ గిటార్ ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు వచ్చింది, చేతులు తియ్యగానే మాయం. షాపతను ఏదో పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. 770 వెల్వెట్ లాంటి ప్యాడ్ కాడల చుట్టూ మెత్తగా సర్దుకుంది, నొక్కినా పెద్ద తేడా లేదు. అదే కొన్నాను.

పాతకాపు మాస్టారూ, సింబల్స్ విషయంలో మీరన్నది నిజమే, మొదటి రాత్రే ఈక్వలైజర్ తెరిచాను.

జయపురం పాతకాపు:
నాలుగు కాదు, ఆరు తగ్గించు. కేబుల్ మీద కుర్చీ చక్రం ఎక్కించకు.