సీసాలో ఇసుక గరప, చేతిలో బంకమట్టి: మా నేల ఏ రకం?

చీపురుపల్లి దగ్గర ఎకరం మెట్ట, ఎర్రనేల. వేరుశనగ వేసే ముందు నేల రకం తేల్చుకుందామని అడుగు లోతు మట్టి తీసి, 2 మి.మీ. జల్లెడ పట్టాను.

సీసాలో నీళ్లు, చెంచా డిటర్జెంట్ పోసి 5 నిమిషాలు ఊపి వదిలేశాను. మొదటి నిమిషంలో అడుగున 8 సెం.మీ., 2 గంటలకు ఇంకో 2, రెండు రోజులకు మరో 2 సెం.మీ. పేరుకుంది. మొదట దిగింది ఇసుక, తర్వాతది ఒండ్రు, చివరిది బంక. అంటే సుమారుగా ఇసుక 67 శాతం, ఒండ్రు 17, బంక 17. లెక్కకి ఇసుక గరప (ఇసుక ఎక్కువ, బంక తక్కువ ఉన్న నేల).

కానీ తడిమట్టిని బొటనవేలితో నొక్కి రిబ్బన్ తీస్తే 6 సెం.మీ. దాకా తెగలేదు! 5 దాటితే బంకనేలే కదా. మూడుసార్లు చేసినా అంతే. డిటర్జెంట్ రెట్టింపు చేశాను, సీసాలో పొరల గీతలు కదల్లేదు. నేల ఆరోగ్య కార్డులో పీహెచ్ 6.4, ఈసీ (నేలలో లవణాల కొలత) 0.2 ఉన్నాయి గానీ మట్టి రకం ఊసే లేదు.

ఒకటి గమనించాను. అడుగున పేరుకున్న 'ఇసుక'ను వేళ్ల మధ్య గట్టిగా నలిపితే గరగరలాడదు, ఎర్రగా పూసుకుపోతుంది. ఎర్రనేలల్లో ఇనుము ఆక్సైడు బంకను రవ్వలుగా అతికిస్తుందంటారు, అదేనేమోనని నా అనుమానం.

ఆ రవ్వలు పూర్తిగా విడిపోయేలా సీసా పరీక్షకు ముందు ఇంట్లో ఏం కలపాలి, ఎంతసేపు నానబెట్టాలి?