జడలు కట్టిన జుట్టు: వారానికోసారి కడగాలా, నెలకోసారి చాలా?

కొత్తపాయలు:
రసాయనాలేవీ తగలని, దగ్గర దగ్గరగా రింగులు తిరిగే జుట్టు నాది. ఈమధ్యే దువ్వెనతో పాయలు పాయలుగా చుట్టించుకుని లాక్స్, అంటే జడలు కట్టించుకునే జుట్టు, మొదలుపెట్టాను. చుట్టినవాళ్లు రెండు నెలల దాకా తల తడపొద్దన్నారు. చదివిన చోటల్లా వారానికోసారి కడగమని ఉంది. ఇప్పటికే మాడు దురద, గోకితే గోళ్లలో తెల్లటి పొట్టు. కడిగితే పాయలు ఊడిపోతాయేమోనని టెన్షన్, కడక్కపోతే ఈ దురద. మీరేం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో చెప్పండి.

నిదానమే_మేలు:
నెలకోసారి చాలు. మొదట్లో ఇంకాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. దువ్వెనతో చుట్టిన పాయలో వెంట్రుకలు ఇంకా ఒకదానికొకటి చిక్కుపడి ఉండవు, చుట్ట ఆకారంలో నిలిచి ఉంటాయంతే. నీళ్లు పడగానే విడిపోతాయి, మళ్లీ చుట్టించుకోవాలి. నా అభ్యంతరం కడగడం మీద కాదు, కడిగిన ప్రతిసారీ కుదుళ్లు బిగించి చుట్టడం మీద. నుదుటి అంచున, చెవుల పక్కన జుట్టు పలచబడేది ఆ లాగుడు వల్లే. అది ఏళ్ల తరబడి సాగితే కుదురే చచ్చిపోతుంది, ఇక అక్కడ వెంట్రుక మొలవదు. దురద పెడితే తడిగుడ్డతో మాడు అద్దుకోండి.

ఆరాకే_ముడి:
లాగుడు గురించి నిదానం గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ తప్పు చుట్టడానిదైతే శిక్ష మాడుకెందుకు? కడగడం వేరు, చుట్టడం వేరు. వారానికోసారి, మరీ కుదరకపోతే రెండు వారాలకోసారి కడగండి. చుట్టించుకోవడం ఆరు, ఎనిమిది వారాలకోసారి పెట్టుకోండి. మధ్యలో కుదుళ్ల దగ్గర జుట్టు రేగినట్టు కనిపిస్తుంది, కనిపించనివ్వండి. జుట్టు నెలకి పెరిగేది దాదాపు ఒక సెంటీమీటరు. ఆ కాస్తా చుట్టకుండా వదిలేస్తే కొంపలేం మునగవు.

దురద సంగతి. మాడు రోజంతా జిడ్డు ఊరుస్తూనే ఉంటుంది. రింగుల జుట్టులో అది మలుపులన్నీ దాటి కొసల దాకా పోలేదు. అందుకే కొసలు ఎండిపోయి ఉంటాయి, జిడ్డంతా మాడు దగ్గరే ఉండిపోతుంది. అందరి చర్మం మీదా ఉండే మలసీజియా అనే శిలీంధ్రానికి అదే తిండి. ఆ జిడ్డు తిని అది వదిలే కొవ్వు ఆమ్లాలు పడని వాళ్లకి పొట్టు రాలుతుంది, దురద పుడుతుంది. తడిగుడ్డతో అద్దితే చెమట ఉప్పు పోతుంది గానీ జిడ్డు కదలదు. ఇలాగే రింగులు తిరిగే నల్లజాతి వారి జుట్టుకి వారానికోసారి గానీ, రెండు వారాలకోసారి గానీ తలస్నానం చేయమని అమెరికా చర్మవైద్యుల అకాడమీ కూడా చెబుతోంది.

పైగా శుభ్రంగా ఉన్న జుట్టే బాగా జడ కడుతుంది. నూనె, కండిషనర్ పట్టించిన వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. అవి లేనప్పుడే ఒరుసుకుని చిక్కుపడతాయి. మనకి కావలసింది ఆ చిక్కే కదా! ఎవరికైనా రోజూ 50 నుంచి 100 వెంట్రుకలు ఊడతాయి. మనకి అవి కింద పడకుండా పాయలోనే చిక్కుకుంటాయి, జడ గట్టిపడేది వాటివల్లే.

పాయలు ఊడకుండా కడిగే పద్ధతి ఉంది. సాగే పల్చటి నైలాన్ టోపీ తల మీద బిగువుగా తొడగండి. షాంపూని నీళ్లలో బాగా పలచన చేసి, సన్నమూతి సీసాతో పాయల మధ్య పాపిట్లలోకి పోయండి. టోపీ మీంచే వేలికొసలతో నొక్కి వదులుతూ పోండి, రుద్దొద్దు. తర్వాత నీళ్లు ధారగా పోస్తూ పాయల్ని పైనుంచి కిందికి పిండాలి. పైకి నురుగు కనిపించకపోయినా పిండితే లోపలి నుంచి వస్తుంది. తేటనీళ్లు వచ్చేదాకా ఆపొద్దు. ఆరాక జడ లోపల బూడిద రంగు పూతలా కనిపించేది చాలాసార్లు మురికి కాదు, పూర్తిగా కడగని షాంపూనే.

లోతుశుభ్రం:
ఇదంతా పైపై పనే. వేడినీళ్లలో వంటసోడా కలిపి జడల్ని నానబెడితే దిగే మురికినీళ్లు చూస్తే ఇక షాంపూని నమ్మరు. నేను నెలనెలా అదే చేస్తాను.

ఆరాకే_ముడి:
నెలనెలా వద్దండీ. మాడు పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉంటుంది, సోడా నీళ్లది 8 పైనే. అంత క్షారంలో వెంట్రుక ఉబ్బి పైపొర లేస్తుంది. పదేపదే చేస్తే జడ పెళుసెక్కి, బరువుకి మధ్యలో తెగుతుంది. నీళ్ల రంగు చూసి లెక్కేయకండి, రంగేసిన జుట్టైతే ఆ రంగు కూడా దిగుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేస్తే చేయండి, వెంటనే బాగా పలచన చేసిన వెనిగర్‌తో కడిగేయండి. ఇంకా మంచిది, లోపల పేరుకునేవి అసలు పూయకపోవడం. ముఖ్యంగా తేనెమైనం. అది 60 డిగ్రీలు దాటితే గానీ కరగదు, అంత వేడినీళ్లు తల మీద పోసుకోలేం.

చెమటజీవి:
రోజూ వ్యాయామం చేసేవాళ్ల మాటేంటి? వారం దాకా ఆగితే నా తల నాకే వాసన.

ఆరాకే_ముడి:
మధ్యలో ఒకసారి ఉత్త నీళ్లతో మాడు మాత్రం కడుక్కోండి, కొసలు తడపకండి. అలవాటు లేని తలకి రోజూ నానబెట్టడం కూడా మంచిది కాదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, బలహీనపడుతుంది.

సాఫీతల:
సాఫీ జుట్టుతో లాక్స్ వేసుకున్నవాళ్లు ఈ లెక్క పట్టుకోవద్దు. మనకి జిడ్డు తేలిగ్గా కిందికి దిగిపోతుంది, వారం అంటే చాలా ఎక్కువ. నేను మూడు రోజులు దాటనివ్వను.

నిదానమే_మేలు:
టోపీ పద్ధతికి ఒప్పుకుంటాను, చుట్టకుండా వదిలేస్తానంటేనే. కానీ వారానికోసారి అనేవాళ్లు ఆరబెట్టడం గురించి ఒక్క ముక్క చెప్పడం లేదు. లావుపాటి జడ పైన పొడిగా తగులుతుంది, లోపల గంటల తరబడి చెమ్మ ఉంటుంది. రాత్రి తలంటుకుని అలాగే ముడేసి పడుకుంటే ముక్కవాసన పడుతుంది, లోపల బూజు పట్టిందంటే ఏ షాంపూ అక్కడి దాకా పోలేదు. పొద్దున్నే కడగండి. నీళ్లు తొందరగా పీల్చే తువ్వాలుతో పిండి, కుదుళ్లకి డ్రయ్యర్ పెట్టి, విడిగా వదిలేయండి. అంత తీరిక లేని వారం కడగడం మానేయండి. తడిజుట్టు అలాగే ముడేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఆరాకే_ముడి:
నా పేరులోనే ఉందండీ ఆరాకే అని! కొత్తపాయలు గారూ, మీవి ఇంకా సన్న పాయలు కాబట్టి తొందరగానే ఆరతాయి. చుండ్రు షాంపూ వాడితే కీటోకొనజోల్ ఉన్నది చూసుకోండి, మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగండి. గుండ్రటి మచ్చలుగా జుట్టు ఊడుతున్నా, చీము కనిపించినా ఇక్కడ అడగొద్దు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. తలకి వచ్చే తామర షాంపూతో తగ్గదు, మాత్రలు మింగాల్సిందే.

కొత్తపాయలు:
మచ్చలేం లేవు, పొట్టే. టోపీ తెచ్చుకుని రేపు పొద్దున్నే కడుగుతాను, రెండు వారాలకోసారి చేసి చూస్తాను. విడిపోయిన పాయల్ని చుట్టను. నైలాన్ టోపీ మీంచి నీళ్లు సరిగ్గా కుదుళ్ల దాకా పోతాయా, లేక ఆఖర్లో తీసేసి ఇంకోసారి పోయాలా?

ఆరాకే_ముడి:
అల్లిక పల్చగా ఉంటే పోతాయి. మొదటిసారి మాత్రం తీయకుండానే ముగించండి.