ఎంజీబీ కారు ముందు చక్రాల బ్రేక్ డిస్కులు: సరైనవి ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం అండీ. బెంగళూరులో ఉంటాను. నాన్నగారి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, 1970 ఎంజీబీ రోడ్‌స్టర్‌కి ముందు డిస్కులు మార్చాలి. ఒక షాపువాళ్లు తెప్పించినవి వ్యాసంలో పాతవాటిలాగే ఉన్నాయి, 10.75 అంగుళాలు. కానీ మందం ఎక్కువ, కొత్త ప్యాడ్లతో కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం) ఎక్కడం లేదు. 1973-76 మధ్య వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 మోడల్‌కి మందమైన డిస్కులు, వేరే కాలిపర్లు ఉండేవి. అవే వచ్చాయని నా అనుమానం.

మెకానిక్ లేత్ మీద పలచగా చేయిద్దాం అంటున్నాడు. బ్రేకులు కదా, నాకు మనసొప్పడం లేదు. పైగా దీనికి డిస్కు హబ్‌కే (చక్రం బిగించే మధ్య భాగానికే) బోల్టులతో బిగించి ఉంటుంది. హబ్ విప్పితే బేరింగ్ షిమ్ములు (సందు సరిచేసే పలచని రేకులు) మళ్లీ సరిచూడాలి, మాటిమాటికీ చేసే పని కాదు.

జేసీ రోడ్డులో గానీ, చెన్నై పుదుపేటలో గానీ సరైన డిస్కులు దొరుకుతాయా? బిగించాక డయల్ గేజ్‌తో రనౌట్ (తిరిగేటప్పుడు డిస్కు పక్కకు ఎంత ఊగుతుందో) చూసే మెకానిక్ ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.