డిగ్రీలో ఉండగానే వేరే సంస్కృతులవాళ్లతో పనిచేసే నేర్పు సంపాదించడం ఎలా?

బరంపురం_బీఎస్సీ

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బరంపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పీజీకి యూరప్‌లో చదివించే ఎరాస్మస్ ముండస్ లాంటి స్కాలర్‌షిప్‌లకు పెట్టాలని ఉంది. ఏ కోర్సు వివరాలు చూసినా ఇంటర్‌కల్చరల్ కాంపిటెన్స్, గ్లోబల్ కాంపిటెన్స్ (వేరే సంస్కృతులవాళ్లతో, వేరే దేశాలవాళ్లతో కలిసి పనిచేసే నేర్పు) అనే మాటలే కనిపిస్తున్నాయి. మా కాలేజీకి విదేశీ యూనివర్సిటీలతో ఎక్స్ఛేంజీ లేదు. నాకు పాస్‌పోర్టూ లేదు. ఏదైనా ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేస్తే సరిపోతుందా? లేకపోతే ఇక్కడే ఉండి ఏం చేయాలి, వారానికి ఎంత సమయం పెట్టాలి? హాస్టల్లో తెలుగువాళ్లం ఒక గదిలో, ఒడియావాళ్లు ఒక గదిలో ఉంటాం, మాటలు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త విడమరిచి చెప్పండి.

గంజాం_మాస్టారు

బాబూ, సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు. భాషాబోధన మీద పనిచేసిన మైఖేల్ బైరమ్ అనే పండితుడు 1997లో ఈ నేర్పును అయిదు భాగాలుగా విడదీశాడు. ఎదుటివాళ్ల పట్ల ఆసక్తి, వాళ్ల సమాజం గురించిన తెలివిడి, చూసినదాన్ని మనదానితో పోల్చి అర్థం చేసుకోవడం, అడిగి తెలుసుకోవడం, మన తీర్పుల్ని మనమే తరచి చూసుకోవడం. వీడియో పాఠాలతో వచ్చేది ముఖ్యంగా రెండోది. మిగతావాటికి మనుషులు కావాలి, వాళ్లు నీ హాస్టల్లోనే ఉన్నారు.

ఒక నోటుబుక్కు తీసి పేజీని మూడు గళ్లు చెయ్యి: చూసింది, దానికి కారణం ఏమై ఉంటుంది, నా అభిప్రాయం. ఉదాహరణకు కార్తీక పున్నమి మర్నాడు మెస్‌లో ఒడియా పిల్లలు చేపల కూర అడుగుతారు. మనవాళ్లకు ఇంకా కార్తీకం నడుస్తూనే ఉంటుంది కాబట్టి, ‘ఇన్నాళ్లు నిష్ఠగా ఉండి ఇదేంటి’ అనేస్తారు. మొదటి గడిలో ‘పున్నమి మర్నాడు చేపలు తిన్నారు’ అని మాత్రమే రాయాలి. ‘నియమం తప్పారు’ అని రాశావంటే తీర్పు అప్పుడే చూసినదాంట్లో కలిసిపోయింది. నూటికి తొంభైమంది తప్పేది ఇక్కడే. రెండో గడిలో కనీసం రెండు కారణాలు ఊహించి రాయి. ఆ తర్వాత వెళ్లి అడుగు.

అడిగితే తెలిసేది ఇది: ఒడియావాళ్ల పండగల లెక్కలో నెల పున్నమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. అంటే వాళ్ల కార్తీకం మనకంటే పక్షం రోజులు ముందే మొదలైంది. చివరి అయిదు రోజులు పంచుక, చాలా కట్టుగా ఉంటారు. పున్నమి దాటిన మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు మాంసాహారం మళ్లీ మొదలు. వాళ్లు తప్పింది ఏమీ లేదు, క్యాలెండరే వేరు. మూడో గడి ఇప్పుడు నింపు.

అడిగే తీరు కూడా చూసుకో. ‘మీవాళ్లు ఎందుకిలా చేస్తారు’ అంటే ఎదుటివాడు సంజాయిషీలోకి దిగుతాడు. ‘మీ ఇంట్లో ఎలా చేస్తారు’ అంటే వంటగది దాకా తీసుకెళ్లి చెబుతాడు. పైగా ఒకడు చెప్పింది ఒడిశా మొత్తానికి అంటగట్టకూడదు. సంబల్‌పూర్ పిల్లవాడినీ అడిగి చూడు. వారానికి ఒక్క పేజీ రాస్తే చాలు, కానీ ఆ వారం రాయాలి. నెల తర్వాత గుర్తుచేసుకుని రాసేవి అందంగా ఉంటాయి, పనికిరావు.

సిరొంచ_ప్రాణహిత

మా గడ్చిరోలి వైపు తెలుగు, మరాఠీ, గోండి ఒకే బజారులో వినిపిస్తాయి. అయినా ఎవరి భాషలో వాళ్లు బేరం ముగించుకుని వెళ్లిపోతారు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఏమీ అబ్బదు, కూర్చుని చేసే పని ఒకటి ఉండాలి. మాస్టారు చెప్పిన నోటుబుక్కుకు తోడు జంట అభ్యాసం పెట్టుకో తమ్ముడూ.

తెలుగు నేర్చుకోవాలని ఉన్న ఒడియా విద్యార్థిని ఒకరిని చూసుకో. వారానికి గంట: అరగంట పూర్తిగా ఒడియా, అరగంట పూర్తిగా తెలుగు. ఫోన్లో అలారం తప్పనిసరి. లేకపోతే పది నిమిషాల్లో ఇద్దరూ హిందీలోకో ఇంగ్లిష్‌లోకో జారిపోతారు, సులువు కదా. మాట్లాడుతుంటే ప్రతి తప్పూ దిద్దకండి. ముఖ్యమైనవి మూడు రాసిపెట్టుకుని చివర్లో చెప్పుకోండి. విషయం ముందే అనుకోండి: పెళ్లిలో ఎవరి ఖర్చు ఏది, మాస్టారితో ఏకీభవించకపోతే ఎలా చెబుతారు, డబ్బు అప్పు అడగడం. వాతావరణం, సినిమాల మీద మాట్లాడితే రెండో వారానికి సరుకు అయిపోతుంది. ఎనిమిది వారాలు ఆగకుండా చేసి అప్పుడు జంట మార్చండి.

రాష్ట్రాల్ని జతలు కట్టి ఒకరి సంస్కృతిని ఒకరికి పరిచయం చేసే కేంద్ర పథకం ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ కింద ఒడిశాకు జత కట్టింది మా మహారాష్ట్రనే. మీ కాలేజీలో ఆ పథకం చూసే అధ్యాపకులు ఎవరో కనుక్కుని, విద్యార్థుల పర్యటన ఉంటే పేరు ఇచ్చిరా. పాస్‌పోర్టుతో పనిలేదు.

అప్లికేషన్_అక్క

పై రెండూ మొదలుపెట్టాక విదేశీ విద్యార్థులతో ఆన్‌లైన్‌లో కలిసి పనిచేసే కోర్సు వైపు చూడండి. కాయిల్ అంటారు, రెండు దేశాల అధ్యాపకులు తమ సబ్జెక్టుల్ని కలిపి నడుపుతారు. సాధారణంగా 4 నుంచి 8 వారాలు: ముందు పరిచయాలు, తర్వాత చర్చ, తర్వాత జట్టుగా ఒక పని, చివర్లో ఏం నేర్చుకున్నారో రాయడం. ఇది విద్యార్థి ఒక్కడే పెట్టుకోగలిగేది కాదు. మీ మాస్టార్లలో ఒకరిని ఒప్పించాలి, ఆయనకు అవతలి అధ్యాపకుడితో ఒప్పందం కుదరాలి. ఒక సెమిస్టరు ముందే అడగండి.

ఇందులో మొదట బెడిసేది టైము. ఉదాహరణకు జర్మనీ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది. అక్కడి మధ్యాహ్నం 3 గంటల మీటింగు ఫిబ్రవరిలో మనకు రాత్రి 7:30, ఏప్రిల్‌లో 6:30. మార్చిలో గడియారం మారిన వారం మనవాళ్లు పాత టైముకే, అంటే గంట ఆలస్యంగా వస్తే, నిర్లక్ష్యం అనుకుని అవతలివాళ్లు మనసులో పెట్టుకుంటారు. ప్రతి మెసేజీలో రెండు దేశాల టైమూ రాయండి.

రెండోది మన మౌనం. నచ్చకపోయినా ‘ఓకే’ అంటాం, ఆ తర్వాత పని చెయ్యం. అవతలివాళ్లు దాన్ని ఒప్పుకోలు కిందే తీసుకుంటారు. మీటింగు ముగిసే ముందు ఎవరు, ఏ పని, ఏ తేదీకి అన్నది ఉమ్మడి డాక్యుమెంటులో ఎవరిది వాళ్లే టైపు చేసే పద్ధతి పెట్టండి. అభ్యంతరాన్ని నోటితో చెప్పలేనివాళ్లు కూడా అక్కడ రాస్తారు. కరెంటు పోయినా ఆ డాక్యుమెంటు మిగులుతుంది.

ఇక ఎరాస్మస్ ముండస్. స్కాలర్‌షిప్ నెలకు 1400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. చాలా కోర్సులకు అప్లికేషన్లు అక్టోబరు, జనవరి మధ్య తీసుకుంటారు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగానే పెట్టవచ్చు. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారా లేదా అన్నది ఒక్కో కోర్సుకు ఒక్కోలా ఉంటుంది, అది చదవకుండా, ఆ కోర్సు ఎందుకు కావాలో చెబుతూ అప్లికేషన్‌తో పంపే లెటర్ మొదలుపెట్టకండి.

లెటర్‌లో ‘నేను అన్ని సంస్కృతుల్నీ గౌరవిస్తాను’ అన్న వాక్యం అందరూ రాసేదే, ఎవరి దృష్టీ దాని మీద ఆగదు. మాస్టారు చెప్పిన నోటుబుక్కులోంచి ఒక్క సంఘటన తీయండి: ఏం జరిగింది, ముందు ఏమనుకున్నారు, ఎవరిని అడిగారు, ఆ తర్వాత మీరు ఏం మార్చుకున్నారు. 150 మాటలు దాటనివ్వకండి. నాలుగో భాగమే చాలామంది వదిలేస్తారు, చదివేవాళ్లు వెతికేది దాన్నే.

బరంపురం_బీఎస్సీ

చాలా థాంక్స్ అండి. ఇంకొక్కటి. మా గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెటన్ శిబిరం ఉంది కదా, అక్కడికి వెళ్లడం ఇందులోకి వస్తుందా?

గంజాం_మాస్టారు

వస్తుంది, వెళ్లే తీరును బట్టి. 1963 నుంచి అక్కడ ఉన్నవాళ్లు బాబూ, మూడో తరం ఒడియా గడగడా మాట్లాడుతుంది. జీరంగ్ బౌద్ధ విహారం చూసి, ఫొటో దిగి వచ్చేస్తే అది విహారయాత్ర. ముందు శిబిరం ఆఫీసులో అనుమతి అడుగు. ఇద్దరు ముగ్గురే వెళ్లండి, బస్సు నిండా వెళితే ఎవరూ నోరు విప్పరు. పంట గురించి, బడి గురించి, చలికాలం స్వెటర్ల వ్యాపారం గురించి అడుగు. శరణార్థి జీవితం గురించి వాళ్లే ఎత్తితే విను, నువ్వు తవ్వకు. రెండోసారి కూడా వెళ్లు, అసలు మాటలు అప్పుడు మొదలవుతాయి. మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మధ్య మెలిగి, వాళ్ల భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఏళ్ల తరబడి వెళ్లివస్తే అయిన పని అది.

అప్లికేషన్_అక్క

పాస్‌పోర్టు మాత్రం ఈ నెలలోనే పెట్టెయ్యి తమ్ముడూ. మామూలుగా 36 పేజీలది 1500 రూపాయలు. మన తెలుగు ఇళ్లలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో దాన్ని పూర్తిగా విడదీసి రాయాలి. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, కాలేజీ రికార్డు పక్కపక్కన పెట్టి స్పెల్లింగులు సరిచూడు. తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకో.