మశూచి పోయింది, పోలేరమ్మ ఎందుకు పోలేదు?

ప్రశ్న పెట్టినవారు:
మతం భయం నుంచే పుట్టిందని నా వాదన. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడినే తీసుకోండి. 1813లో ఇక్కడ కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఉద్యోగం మీద ఉజ్జయినిలో ఉన్న మిలటరీలో డోలీ మోసే సురిటి అప్పయ్య, రోగం తగ్గితే మా ఊళ్లో నీకు గుడి కడతానని అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం పెట్టాడని చెబుతారు. కలరా మురికినీళ్ల వల్ల వస్తుందని ఆయనకి తెలిసుంటే ఆ మొక్కు ఉండేదా?

వెంకటగిరి నుంచి:
పుట్టుక వరకు సరేనండి. కానీ పుట్టించిందే నిలబెడుతోందా? మా పోలేరమ్మ మశూచి తల్లి. మా నాయనమ్మ ముఖమంతా స్ఫోటకం మచ్చలే, అయినా రోగం వచ్చిందని ఎప్పుడూ అనలేదు, అమ్మవారు పోసిందనే అనేది. ఆ రోగం మన దేశంలో 1975తో ఆగిపోయింది, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మీ లెక్కన జాతర కూడా అప్పుడే ఆగిపోవాలి. ఇప్పటికీ వినాయక చవితి వెళ్లాక మట్టితో అమ్మవారిని చేస్తారు, కుమ్మరివాళ్ల ఇల్లు ఆమెకి పుట్టిల్లు, చాకలివాళ్ల ఇల్లు మెట్టినిల్లు, బెంగళూరులో చెన్నైలో ఉన్నవాళ్లంతా దిగుతారు, దసరాకి రానివాళ్లు కూడా దీనికి వస్తారు. మశూచి అంటే ఏంటో తెలియని పిల్లలు వాళ్లలో సగం మంది. వాళ్లని ఏ భయం లాక్కొస్తోంది?

చిత్తూరు నుంచి:
మీ ఇద్దరి మాటల్లోనూ మా ఆడపిల్లలు లేరు. మా వైపు బిడ్డకి జబ్బు చేస్తే, తగ్గితే ఆ పిల్లని నీకే వదిలేస్తామని గ్రామదేవత మాతమ్మకి మొక్కుకునేవాళ్లు. జబ్బు తగ్గేది, ఆ పిల్లకి మాత్రం పెళ్లి ఉండదు, ఆమెకి పుట్టిన పిల్లలకి బడిలో తండ్రి పేరు రాయించడానికి ఉండదు. అలా వదిలేసింది ఎక్కువగా మాదిగ ఇళ్ల పిల్లల్నే. జ్వరం పెద్దిళ్లలోనూ వస్తుంది కదా, వాళ్ల మొక్కు తలనీలాలతో ఎలా తీరిపోయింది? ఇలా ఆడపిల్లల్ని దేవతకి వదిలేయడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది, ఆ తర్వాత కూడా ఈ మొక్కులు చాటుగా నడిచాయి. మతం ఎలా పుట్టిందనే చర్చ కంటే, అది ఎవరి మీద పడిందనేది నాకు ముఖ్యం.

ములుగు నుంచి:
అన్నిటికీ రోగమే మూలం అనకండి. మేడారంలో సమ్మక్క సారలమ్మలది కప్పం కట్టలేమని కాకతీయుల సైన్యంతో పోరాడి ప్రాణాలిచ్చిన కథ. అక్కడ కొలిచేది గద్దెల మీద నిలిపే వెదురుని, చిలకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమ భరిణెని, పూజారులు కోయవాళ్లు. రెండేళ్లకోసారి లక్షల మంది నిలువెత్తు బంగారం అని బెల్లం తూకం వేయించుకుని ఇస్తారు. చనిపోయిన మనవాళ్లని మర్చిపోలేకపోవడం కూడా మతమే.

వెంకటగిరి నుంచి:
చిత్తూరు వారికి జవాబు చెప్పాలని రెండుసార్లు రాసి తుడిచేశాను. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో డప్పు మోగనిదే అమ్మవారు కదలదు. ఆ డప్పు కొట్టే తాతకి ప్రసాదం అందరికంటే చివర, అదీ దూరం నుంచి దోసిట్లో పడేసేవాళ్లు. నేను పక్కనే నిలబడి చూసేవాణ్ని. ఊరంతా కలుస్తుందని పైన రాసినప్పుడు ఆ తాత నాకు గుర్తు రాలేదు.