సమస్య: పదమూడవ మాసమందుఁ బండుగ వచ్చెన్

నిర్వాహకుడు: నిన్న మనవడి స్కూలు కాగితం మీద 9/13 అని చూసి కాసేపు ఆగిపోయాను, ఈ పాదం అక్కడే తట్టింది. పూరించండి మిత్రులారా.

గౌతమి ఒడ్డు:
ముదమున నమెరిక నుండియు
మొదట నెలను, దినము పిదప, ముద్దుల తనయే
పదిలముగ వేసి పంపగ
పదమూడవ మాసమందుఁ బండుగ వచ్చెన్

2025లో భోగి జనవరి 13న వచ్చింది కదా, పిల్లలు పంపిన కార్డు మీద 1/13/2025 అని ఉంది. మా ఇంటావిడ చదివి "పదమూడో నెలేమిటండీ" అంది. జరిగిందే రాశాను.

పాకాల తీరం: బాగుంది గౌతమి గారూ, కానీ దీనికి సముద్రాలు దాటక్కర్లేదు, మన పంచాంగంలోనే ఉంది.

అదనముగ నధికమాసము
కదియఁగ మన శోభకృతునఁ, గామదహనమన్
తుదినెలయౌ ఫాల్గుణమున
పదమూడవ మాసమందుఁ బండుగ వచ్చెన్

తుంగభద్ర: పాకాల గారి ఫాల్గుణం నాకు భలే నచ్చింది. అధికమాసం అనగానే అందరూ ఆ అధికమాసాన్నే పదమూడోది అంటారు, నిజానికి లెక్కలో అది మధ్యలో పడి చివరి నెలను పదమూడో స్థానానికి తోస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి 2024 మార్చిలో కాముని పున్నమి సరిగ్గా పదమూడో నెలలోనే. గౌతమి గారూ, మీ 'తనయే'లో ఏకారం గణం కోసమే వచ్చింది, క్షమించాలి.

గౌతమి ఒడ్డు: ఏకారం సంగతి చూస్తాను. పాకాల గారి లెక్కను మాత్రం ఊరికే నమ్మకండి, ఆ మధ్య 22-02-2022 మీద రాసిన పూరణలో "ఎవరు రాసినా ఎటు చదివినా ఒకటే" అన్నారు. అమెరికావాళ్ళు రాస్తే 02222022, వెనక నుంచి చదివితే 22022220. ఎక్కడ ఒకటి? నేను అప్పుడే చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

పాకాల తీరం: ఒప్పుకుంటున్నాను, ఆ పద్యానికి తగిన తేదీ 02-02-2020. రోజు ముందు రాసినా నెల ముందు రాసినా 02022020, ఏడు ముందు రాసినా 20200202, మూడూ ఎటు చదివినా అవే. ఇన్నాళ్ళు గుర్తుపెట్టుకున్నారంటే నా పద్యం మీకు నచ్చినట్టే.

తుంగభద్ర: వెనక నుంచి చదవడం మనకు కొత్తా? అంకానాం వామతో గతిః, అంటే అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కోరుమిల్లి శాసనంలో రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం ఏడు 'వేదాంబురాశినిధి' అని ఉంటుంది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. ఉన్న వరసలో చదివితే 449, తిప్పితే 944. శక 944 అంటే క్రీ.శ. 1022. ఈ సూత్రం తెలియనివాడు రాజుగారిని ఐదొందల ఏళ్ళు వెనక్కి నెట్టేస్తాడు! దీని మీద ఎవరైనా పూరణ రాస్తే చూడాలని ఉంది.

నిర్వాహకుడు: రాసే వరస మాట వచ్చింది కాబట్టి చెబుతాను. రోజూ సంకల్పంలో సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి అని పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాం. ఇప్పుడు కంప్యూటర్లకు పెట్టిన అంతర్జాతీయ పద్ధతిలో కూడా ఏడు, నెల, రోజు అదే వరస. మనం కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు తిరగేస్తామో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఇక సమస్యకు వద్దాం. గౌతమి గారూ, కార్డు పంపింది 'పిల్లలు' అన్నారు, పద్యంలో కూతురు ఒక్కతే ఉందేం?

గౌతమి ఒడ్డు: నిజమే సార్. ఇద్దరూ కలిసి పంపారు, పెద్దది రాసింది, చిన్నది బొమ్మ వేసింది. "ముద్దుల తనయల్" అని దిద్దుతున్నాను.

పాకాల తీరం: ఇప్పుడు నిలబడింది. ఏకారమూ పోయింది, చిన్నమ్మాయీ వచ్చింది.